మేనమామది వేరే రక్తమట

“దానికి అమ్మమ్మను నేనే, అత్తను గూడ నేనే” అంటూ ఆ పెద్దావిడ నా చేతికి టీ గ్లాసు అందించింది. గ్లాసు పక్కన పెట్టి నేను నోటుపుస్తకం తీశాను.

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను భయపడుతూనే ఉన్నాను, అందులో కొత్తేం లేదు. పుట్టుకతోనే కంగారు మనిషిని. పిల్లలు పుట్టాక అదే నా ప్రధాన వృత్తి అయింది, జీతం మాత్రం రాదు. గ్యాస్ కట్టేశానా, చిన్నది ఎందుకు తుమ్మింది, స్కూలు వ్యాను ఇంకా ఎందుకు రాలేదు, ఇలా రోజంతా ఏదో ఒకటి. అవన్నీ గాలి భయాలు. నాచారంలోని ఆ ఇంట్లో, కుట్టుమిషను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండగా పట్టుకున్న భయానికి మాత్రం అసలైన కారణం ఉంది. ఆ కారణం ఆ పొద్దునే పుట్టింది. ఆడపిల్ల.

ఉప్పల్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో కోడలు ప్రసవించిందని, మనవరాలు బొద్దుగా ఉందని పెద్దావిడ సంబరంగా చెబుతోంది. ఆ సంబరంలోనే అసలు సంగతి బయటపెట్టేసింది. కోడలు పరాయి పిల్ల కాదు, తన పెద్దకూతురి కూతురే. అక్క బిడ్డను తమ్ముడికి చేసుకున్నారు.

“బయటి పిల్లయితే ఏడాది తిరగకుండ వేరు పొయ్యి పెడుతది బిడ్డా. ఇదైతే నా చేతుల పెరిగిన పిల్ల.”

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేనిప్పుడు అందులో లేను. ప్రాజెక్టు ముగిసింది, దాంతోపాటే నా ఉద్యోగమూ. ఇంట్లో పిల్లలిద్దరూ పడుకున్నాక రాసుకోవడానికి కాస్త తీరిక దొరుకుతోంది. పాఠ్యపుస్తకాల్లో ఉండేది మీరు చదువుకునే వస్తారు కాబట్టి అది వదిలేసి, అందులో ఉండనిది చెబుతాను.

ఒకే జబ్బు ఒక వీధికంతా తగిలితే చాలామందికి రెండురోజుల జ్వరంతో పోతుంది. ఒకరికి మాత్రం ప్రాణం మీదికొస్తుంది. క్రిమి అదే, నల్లానీళ్లు అవే, దోమలూ అవే. మరి తేడా ఎక్కడుంది? కొంత తేడా మనిషి పుట్టుకలోనే, జన్యువుల్లో ఉంటుంది. దాన్ని వెతకడమే మా ప్రాజెక్టు. ఒక జనంలో కనిపించే లోపం మరో జనంలో కనిపించకపోవచ్చు కనుక, ఒక్క ఊళ్లో వెతికితే లాభం లేదు. అందుకని చాలా దేశాల్లో, రకరకాల మనుషుల్లో ఒకేసారి వెతికేవాళ్లు. ప్రపంచపటంలో మా వాటాకు లాలాపేట్ నుంచి పీర్జాదిగూడ దాకా వచ్చింది.

మా ప్రయోగశాల నాచారం పారిశ్రామికవాడలో ఒక అద్దె మేడ మీద ఉండేది. పక్కన కారం మిల్లు. మధ్యాహ్నం వాళ్లు మిరపకాయలు పట్టడం మొదలుపెడితే, అంటువ్యాధుల మీద పరిశోధన చేసే మేమంతా వరసగా తుమ్మేవాళ్లం. ఒకసారి విదేశాల నుంచి చూడవచ్చిన పెద్దమనిషి మమ్మల్నందర్నీ కలియజూసి, మాట్లాడకుండా జేబులోంచి మాస్కు తీసి తగిలించుకున్నాడు.

మా సారు మంచి శాస్త్రవేత్త, చెడ్డ శ్రోత. ఆయన కాక ముఖ్యంగా చెప్పుకోవలసింది ఇళ్లకు వెళ్లి రక్తం తీసే అతని గురించి, మేమంతా అతన్ని అన్న అనేవాళ్లం. పసిపిల్లల నరాన్నయినా మొదటి ప్రయత్నంలోనే పట్టుకునేవాడు, పట్టుకున్న సంగతి వారం దాకా చెప్పుకునేవాడు. నేను జన్యుశాస్త్రంలో ఎమ్మెస్సీ. ఇళ్లకు వెళ్లి, ఎవరికి ఎవరు ఏమవుతారో అడిగి, వంశవృక్షాలు గీయడం నా పని. చదువుకున్న చదువుకు దగ్గరగానే ఉంది గానీ, చూసేవాళ్లకు పెళ్లిళ్ల పేరమ్మలా కనిపించేదాన్ని. రెండు మూడు ఇళ్లలో నన్ను సంబంధాలు కూడా చూడమన్నారు.

ఆ రోజుల్లో మా దగ్గర పెద్ద గొడవొకటి నడుస్తోంది. ప్రతి కుటుంబాన్నీ మేం ‘మీ భార్యాభర్తలు రక్తసంబంధీకులా?’ అని అడిగేవాళ్లం. అన్ని దేశాలకూ కలిపి ఇంగ్లీషులో తయారైన ప్రశ్న అది. మా సారే స్వయంగా తెలుగులోకి మార్చి మురిసిపోయాడు. ఇంచుమించు అందరూ ‘కాదు’ అనే చెప్పారు. రక్తం చదివే యంత్రం మాత్రం ‘అవును’ అంటోంది. పిల్లల్లో తల్లి నుంచి వచ్చిన భాగమూ తండ్రి నుంచి వచ్చిన భాగమూ చాలాచోట్ల పొడుగునా అచ్చం ఒకేలా ఉన్నాయి. అలా ఉండాలంటే ఆ తల్లికీ తండ్రికీ ఒకే తాతో ఒకే అమ్మమ్మో ఉండి తీరాలి.

సారు లోతుగా ఆలోచించి, తప్పు ట్యూబులు తెచ్చే అన్నదేనని తేల్చాడు.

“ట్యూబులు కలిపేస్తున్నావయ్యా నువ్వు. ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద వస్తోంది.”

“నేనెందుకు కలుపుత సార్. అది రక్తమా, ఫలూదానా?”

“మరి ఈ రిజల్ట్ ఎలా వచ్చింది?”

“మీ మిషన్‌నే అడగున్రి. నన్నడిగితె నేనేం జెప్త.”

ఇలా వారాలు గడిచాయి. అన్న ప్రతి ట్యూబునూ పెళ్లికూతుర్ని తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకుని తెచ్చేవాడు. అయినా ఫలితాలు అలాగే వచ్చేవి.

ఈ ప్రశ్న మాకు ఎందుకంత ముఖ్యమో ఒక్కమాటలో చెబుతాను. జన్యువుకు మనలో రెండు ప్రతులుంటాయి, తల్లిదొకటి, తండ్రిదొకటి. ఒకటి పాడైనా రెండోది నెట్టుకొస్తుంది. రెండూ పాడైతేనే చిక్కు. తల్లిదండ్రులు ఒకే కుదురులోంచి వచ్చినవాళ్లయితే, పాడైన ఆ ఒక్కటే రెండువైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. అందుకని ‘అవును’ అన్నవాళ్ల పిల్లల రక్తం ముందు చదివేవాళ్లం. ‘కాదు’ అన్నవాళ్లు వరసలో వెనక ఉండేవాళ్లు.

ఈ ఇంటి పిల్లవాడు వెనక ఉన్నాడు. ఏడాదిన్నర వాడు. పుట్టిన ప్రతి బిడ్డకూ క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా వాడికీ వేశారు. అందులో ఉండేది బాగా నీరసపరిచిన క్రిమి. పిల్లలందరికీ భుజం మీద చిన్న మచ్చ మిగిల్చి అది తన దారిన పోతుంది. వీడికి మాత్రం చంకలో గడ్డ కట్టింది, జ్వరం పట్టుకుంది, ఆ నీరసపు క్రిమే ఒళ్లంతా పాకింది. వాడు పెద్దాసుపత్రిలో చాలాకాలంగా ఉన్నాడు. చిన్నాన్న భార్య దగ్గరుండి చూసుకుంటోంది. టీకాలో తప్పేం లేదు. వాడి ఒంట్లో కాపలా కాసే ఏర్పాటులోనే ఏదో ఒక మెట్టు విరిగి ఉండాలి. అది పుట్టుకతో వచ్చిందేనా, మరేదైనానా అని మేం చూడాలి. తల్లిదండ్రులది బయటి సంబంధమని చెప్పారు కనుక, చూడొచ్చులే అని వాడి ట్యూబు ఫ్రిజ్‌లో పెట్టాం. తండ్రి దగ్గర తీసిన రక్తం ట్యూబులోనే గడ్డకట్టిందని మళ్లీ తీయడానికి నేనూ అన్నా ఆ రోజు వాళ్లింటికి వెళ్లాం. తండ్రి నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడని, పాప పుట్టిందని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు లెక్క మీరే వేసుకోండి. మేనమామకు ఇచ్చారు. మొదటివాడి ఒంటికి టీకా సరిపడలేదు. కారణం మేం అనుమానించిందే అయితే, తర్వాత పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అదే ప్రమాదం. ఆ బిడ్డ పుట్టేసింది. పుట్టిన బిడ్డకు ఇంటికి పంపేలోగా వేసే మొదటి టీకాల్లో అదీ ఒకటి.

“పెద్దమ్మా, రక్తసంబంధం లేదని చెప్పారు కదా మాకు” అన్నాను.

“ఉంటె గద జెప్పేది.”

“మీ కొడుకూ మీ మనవరాలూ కదా.”

“ఇంటిపేరు ఒకటైతె రక్తసంబంధం బిడ్డా. నా కొడుకుది ఒక ఇంటిపేరు, దాని నాయినది ఇంకో ఇంటిపేరు. మేనమామది వేరే రక్తం. వరస కలిసింది, చేసినం.”

“మరి మీ ఇంటిపేరున్న మనిషి ఎక్కడో ఖమ్మంలో ఉన్నాడనుకోండి. మీకు ముఖపరిచయం కూడా లేదు.”

“వాడు మాకు అన్నదమ్ముడైతడు. పిల్లనియ్యం, తెచ్చుకోం. పాపం గదా.”

వెనకనించి అన్న గొంతు వినిపించింది. “సార్‌కి ఫోన్ జెయ్యి చెల్లె. నా ట్యూబులు కలవలే. ఈళ్లే కలిసిన్రు.”

నాకు నవ్వు రాలేదు. “పాపకు సూది వేశారా పెద్దమ్మా?”

“ఇంకా లే. పగటి బువ్వ తినే యాళ్లకేస్తరంట. ఇంకిద్దరు పిల్లలున్నరు, ముగ్గురిని కూసోబెట్టి ఒక్కసారే సీస ఇప్పుతరంట.”

ఆ టీకా సీసా ఒకసారి విప్పితే కొన్ని గంటల్లో వాడేయాలి. ఒక్క బిడ్డ కోసం విప్పితే మిగతాదంతా పారబోయాలి. అందుకని చిన్న ఆసుపత్రుల్లో కొందరు పిల్లలు చేరేదాకా చూసి విప్పుతారు. ఆ పాపకు కాస్త వ్యవధి దొరికింది అందువల్లే.

సారుకు ఫోన్ చేశాను. కట్ చేశాడు. మీటింగులో ఉన్నానని సందేశం వచ్చింది. ఉప్పల్, నాచారం ప్రాంతంలో రక్తసంబంధ వివాహాలు దాదాపు లేవని ఆయన ఆ సమయంలో తక్కిన దేశాలవాళ్లకు పటాలు చూపించి వివరిస్తున్నాడు. పిల్లవాడికి వైద్యం చేస్తున్న డాక్టరమ్మకు చేశాను. మోగింది, ఎత్తలేదు. విషయమంతా సందేశంగా పెట్టాను.

మాకొక నియమం ఉంది, అది మంచి నియమమే. మేం డాక్టర్లం కాదు. కుటుంబాలకు వైద్యసలహాలు చెప్పకూడదు, ఏదైనా డాక్టరు ద్వారానే వెళ్లాలి. పైగా నా చేతిలో ఫలితం కూడా లేదు. ఉన్నది ఒక అత్తగారి మాట, చల్లారిన టీ.

“పోదామా, వద్దా?” అన్నాడు అన్న.

“సలహా చెప్పను. డాక్టరమ్మ ఫోనెత్తేదాకా కాస్త ఆగమని అడుగుతాను, అంతే.”

“గదే సలహా అంటరు చెల్లె. నడువు.”

పెద్దావిడ కూడా బయల్దేరింది, బాలింత కోసం చేసిన కారప్పొడి డబ్బా చంకన పెట్టుకుని. ఆమెకూ నాకూ ఆటో, అన్నకు బండి. ఉప్పల్ రోడ్డులో, ఏళ్లుగా సగంలో ఆగిన ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ఇరుక్కున్నాం. ఎంతసేపు పడుతుందని అడిగితే ఆటో అతను అద్దంలో నన్ను చూసి, “గీ స్తంభాల మీద బ్రిడ్జి పడితె జల్ది పోతం మేడమ్” అన్నాడు. పెద్దావిడ మాత్రం దారి పొడుగునా మనవరాలికి పేర్లు ఆలోచిస్తోంది.

నర్సింగ్ హోమ్ మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. పైన వార్డులో ముగ్గురు బామ్మలో పిన్నులో, వరసగా ఒళ్లో పిల్లల్ని పెట్టుకుని కూర్చున్నారు. నర్సు సీసా మూత తీస్తోంది. నేను గుమ్మంలోంచే, “ఆగండి, ఆ సూది వేయకండి” అన్నాను.

చేసిన పొరపాటు అర్థమయ్యేలోపే జరగవలసింది జరిగింది. ఎవరికి వేయవద్దో చెప్పలేదు నేను. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న చదువుకున్న మనిషి ఆయాసపడుతూ వచ్చి సూది వద్దంటే ఎవరైనా ఏమనుకుంటారు? ముగ్గురూ పిల్లల్ని కొంగుల కిందికి లాక్కున్నారు. మంచం మీదున్న ఒక బాలింత లేచి కూర్చుని, “నేను ముందే జెప్పిన, మా ఆడిబిడ్డ వద్దన్నదని” అంది. ఒక్క పాపకు ఆపించడానికి వెళ్లి ముగ్గురికి ఆపించాను.

నర్సు నడుమున చేయి పెట్టుకుంది. “ఎవరమ్మా నువ్వు?”

“ప్రాజెక్టు నుంచి వచ్చానండి. జన్యువుల మీద…”

“డాక్టరువా?”

“కాదు.”

“మరి వేసేది ఆపనీకి నువ్వెవరు? సీస ఇప్పిన. ఇప్పుడు ఈళ్లెవరు చేతులియ్యరు. నువ్వు వేయించుకుంటవా మొత్తం?”

ఆమె కోపంలో న్యాయం ఉంది. ఇంతలో పాప తండ్రి వచ్చాడు. నేను విషయం చెప్పడం మొదలుపెట్టగానే అతని మొహం మారింది.

“మావోనికి సూదితోనే అయిందని నేను మొదలే అన్న మేడమ్. మీరు కాదన్నరు. ఇప్పుడు మీరే వద్దంటున్నరు. ఏది నమ్మాలె?”

“సూది మంచిదేనండి. బాబు ఒంటికి అది పడలేదు. పడకపోవడానికి కారణం పుట్టుకలో ఉంటే, పాపకూ ఉండొచ్చు. లేకపోవచ్చు కూడా. పరీక్ష చేసి చూసేదాకా పాప ఒక్కదానికే ఆపుదాం. మిగతా పిల్లలకు ఏ అడ్డూ లేదు.”

“పుట్టుకల అంటే?”

ఇక్కడ నేను తడబడ్డాను. మీరూ ఎప్పుడో తడబడతారు. చెప్పకపోతే అర్థం కాదు, చెబితే కొడతారు. మేనరికంలో ఇలాంటి అవకాశం కొంచెం ఎక్కువని మెల్లగా అన్నాను. కారప్పొడి డబ్బా పట్టుకున్న పెద్దావిడ అక్కడే గోడకు ఆనుకుంది.

“అంటె నేను చేసిన్నా? నా బిడ్డ బిడ్డను నేను తెచ్చుకుంటె, నా మనుమనికి నేనే చేసిన్నా?”

అప్పుడు నా నోటివెంట వచ్చింది, ముందుగా అనుకున్నది కాదు. “నాదీ మేనరికమే పెద్దమ్మా. మా ఆయన మా మేనత్త కొడుకు. ఇద్దరు పిల్లలు. నేను చదివిందే ఈ చదువు, తెలిసే చేసుకున్నాను. మీరు ప్రేమతో తెచ్చుకున్నారు, అంతే. ఎవరిలో ఏది దాగుందో ఎవరికి తెలుస్తుంది?”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “చదువుకున్నోళ్లు గూడ చేసుకుంటరా?”

“చేసుకుంటరు, చేసుకుని మనల్నడుగుతరు” అన్నాడు అన్న, అప్పుడే మెట్లెక్కి వచ్చి.

ఆ మాటకు తండ్రి నవ్వకుండా ఉండలేకపోయాడు. కొద్దిగానే నవ్వాడు గానీ, మెత్తబడ్డాడు. డాక్టరమ్మ మాట్లాడేదాకా పాపకు వేయవద్దని నర్సుతో అతనే చెప్పాడు. అది అతని హక్కు, నాది కాదు.

మిగిలిన ఇద్దరి సంగతి అలాగే ఉంది. “వీళ్లకు నువ్వే జెప్పు” అని నర్సు సిరంజి ట్రేలో పెట్టి కూర్చుంది. నేను మొదలుపెట్టాను. రోగనిరోధక శక్తి, కణాలు, క్షయ ఎంత చెడ్డదో, అన్నీ. వాళ్లు నన్ను టీవీలో వార్తలు చూసినట్టు చూశారు. చివరికి విసుగొచ్చి జాకెట్టు చేయి పైకి లాగి భుజం చూపించాను. “ఇదిగో మచ్చ. నాకు వేశారు. నా పిల్లలిద్దరికీ వేశారు. నేను బతికే ఉన్నాను, మీకు తలనొప్పి తెప్పిస్తున్నాను.”

అన్న చొక్కా గుండీలు విప్పి తన మచ్చ చూపించాడు. అవసరమైన దానికంటే ఎక్కువే విప్పాడు. నర్సు తన చేయి చూపించింది. పాప తండ్రి చూపించాడు. కింద మందుల కొట్టు నుంచి ఏదో ఇవ్వడానికి వచ్చిన మనిషి ఏం జరుగుతోందో తెలియకుండానే చొక్కా చేయి మడిచాడు. పెద్దావిడ డబ్బా కింద పెట్టి రవికె జరిపితే, పాతకాలపు మశూచి టీకా మచ్చలు రెండు, రూపాయి బిళ్లలంత ఉన్నాయి. అందరం ఓడిపోయాం. ఆడబిడ్డ వద్దన్న ఆ బాలింత నవ్వు ఆపుకోలేక, “సరె ఏయున్రి సిస్టర్, లేకపోతె ఈళ్లు ఇంకేం ఇప్పుతరో” అంది.

ఆ ఇద్దరు పిల్లలకూ టీకా పడింది. ఇద్దరూ వార్డు అదిరేలా ఏడ్చారు. అంత కమ్మటి ఏడుపు నేను మళ్లీ వినలేదు.

డాక్టరమ్మ ఫోన్ అప్పుడు మోగింది. రౌండ్స్‌లో ఉన్నానని, సందేశం ఇప్పుడే చూశానని చెప్పి, “వేయలేదు కదా?” అని అడిగింది. లేదన్నాను. ఆ తర్వాత ఫోన్ నర్సింగ్ హోమ్ డాక్టరు చేతికి వెళ్లింది. వాళ్లు మాట్లాడుకుంటుండగా అన్న తండ్రి రక్తం తీసి, డాక్టర్లు సరేనన్నాక పాప రక్తం కూడా తీశాడు. మొదటి ప్రయత్నంలోనే. ఆ సంగతి మాకు నెల దాకా చెప్పాడు.

సాయంత్రం ప్రయోగశాలలో సారు ఎదుట నిలబడ్డాం. నియమం దాటినందుకు తిట్లు సిద్ధం చేసుకుని ఉన్నాడు. పెద్దావిడ చెప్పిన ఇంటిపేరు సూత్రం వినిపించేసరికి ఆ తిట్లు ఎటో పోయాయి. తను తెలుగు చేసిన ఆ ప్రశ్న కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

“అంటే మేనరికాన్ని ఎవరూ రక్తసంబంధం కింద లెక్కవేయలేదన్నమాట.”

“లేదు సార్.”

“మన స్టాఫ్‌లో కూడా ఇలా ఎవరైనా…”

“మాది మేనరికమే సార్” అన్నాను.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మా ఆవిడ మా అక్క కూతురు” అన్నాడు, పక్కగదికి వినపడకుండా. ఆ ప్రశ్నను తెలుగులోకి మార్చినప్పుడు ఆయనకు ఇంట్లో ఉన్న మనిషి గుర్తుకు రాలేదు.

“నాది లవ్ మ్యారేజ్ సార్” అన్నాడు అన్న. “వేరే కులం, వేరే జిల్లా. మస్తు డైవర్సిటీ. గందుకే మా అత్త నాకు ఇప్పటికీ మంచినీళ్లియ్యది. మరి నా ట్యూబుల సంగతి?”

సారు క్షమాపణ చెప్పలేదు. మర్నాటి నుంచి అన్నకు టీ ఆయనే తెప్పించేవాడు. మా దగ్గర దాన్నే క్షమాపణ అంటారు.

తర్వాత ఆ ప్రశ్న తీసేసి, ‘పెళ్లికి ముందు మీ ఆయన్ని ఏమని పిలిచేవారు?’ అని అడగడం మొదలుపెట్టాం. బావ, మామ, ఫలానా అత్త కొడుకు అంటూ నవ్వుతూ చెప్పేవాళ్లు, కొందరు సిగ్గుపడేవాళ్లు. అలవాటుగా బావా అని పిలిచేవాళ్లూ ఉంటారు కనుక, ఎవరి కొడుకని మరోమాట అడిగేవాళ్లం. వెనక ఉన్న ట్యూబులు చాలా ముందుకొచ్చాయి. తక్కిన దేశాల జట్లకు సారు ఈ సంగతి చెబితే, ఒక్కొక్కరూ తమ దగ్గర జనం ఎవర్ని చుట్టం అనుకోరో వెళ్లి చూడటం మొదలుపెట్టారు. మనుషుల జన్యువులు ఎన్ని రకాలో, ‘మనవాళ్లు’ అన్న మాటకు లెక్కలూ అన్ని రకాలు. రక్తం తీసే ముందు ఆ లెక్క తెలుసుకోండి. మీకు నేను చెప్పగలిగిన సాంకేతిక రహస్యం ఇంతే.

పాప ఫలితం కొన్ని వారాలకు వచ్చింది. బాబులో ఉన్న లోపమే ఆమెలోనూ ఉంది, రెండు ప్రతుల్లోనూ. ఆ మధ్యాహ్నం సూది పడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం నాకు బాగా వచ్చు, కానీ ఇక్కడ రాయను. పాప కాపలాకు ఏం చేయాలో డాక్టరమ్మ చూసుకుంటోంది. పాపకు ఈమధ్య మాటలొచ్చాయి, తిట్లతో మొదలయ్యాయని పెద్దావిడ గర్వంగా చెప్పింది. బాబుకు సరైన మందు ఏదో తెలిసింది, చాలాకాలం వాడాలి, మెల్లగా కోలుకుంటున్నాడు.

అయితే ఇవన్నీ తర్వాత తెలిసినవి. ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పటికి నాకేమీ తెలియదు. చెప్పులు విప్పకుండానే పిల్లలిద్దర్నీ పట్టుకుని చంకలు తడిమి చూశాను. టీకాలు పడి ఏళ్లయింది, ఇద్దరూ రాయిలా ఉన్నారు, ఆ సంగతి అందరికంటే నాకే తెలుసు. అయినా తడిమాను. వాళ్లు ఆట అనుకుని చక్కిలిగిలికి మెలికలు తిరిగారు. మా ఆయనకు జరిగింది చెబితే, “అయితే ఇప్పుడు నన్ను ప్రాజెక్టుకు ఇచ్చేస్తావా, ఇంట్లోనే ఉంచుకుంటావా?” అన్నాడు. బావ కాబట్టి అంతకంటే మంచి మాట ఆశించలేం.

మర్నాడు పొద్దున పిల్లలు ఇడ్లీల ముందు నా కోసం కాచుకుని ఉన్నారు. మా ఆయన వాళ్లకు కథ చెప్పేశాడు, తనకు అర్థమైనంత వరకు. పెద్దాడికి ఆ వారమే ఐదేళ్ల టీకా వేయించాలి. ఏఎస్ రావు నగర్‌లో క్లినిక్ పేరు వింటేనే వాడికి కడుపునొప్పి వస్తుంది.

“అమ్మా, నువ్వు సూదులు ఆపుతావంట కదా” అన్నాడు. వాడి కళ్లలో నాపట్ల అంత గౌరవం అంతకుముందెప్పుడూ చూడలేదు. “నాది కూడా ఆపవా?”

చెల్లెలు కూడా ఇడ్లీ నోట్లో పెట్టుకునే చేయెత్తింది.

“ఆ పాప ఒంట్లో కాపలావాడు ఉన్నాడో లేడో ఇంకా తెలీదు నాన్నా. అందుకే ఆపాం. మీ ఇద్దరి ఒంట్లో ఉన్నాడు, తిని కూర్చున్నాడు. సూది వేస్తే వాడికి పని నేర్పినట్టు.”

“ఆ పాపకు జబ్బొస్తే మరి?”

“రాకుండా చూడాలి. జబ్బులు ఎక్కువగా పిల్లల మీదెక్కే తిరుగుతాయి. స్కూలు వ్యాన్లో, పార్కులో, ఒకరి నుంచి ఒకరికి. మీరు సూది వేయించుకుంటే అవి మీ దగ్గరే ఆగిపోతాయి. పాప దాకా పోవు.”

“అంటే మేం అడ్డం నిలబడాలా?”

“అంతే.”

వాడు చెల్లి తల మీద చేయి పెట్టి ఎత్తు కొలిచాడు. “అయితే ముందు చెల్లిని నిలబెట్టు. స్కూల్లో పొట్టివాళ్లే ముందుంటారు.”

“స్కూల్లో ఫొటో కోసం నిలబెడతారు” అన్నాను. “ఇక్కడ మన వెనక పాప ఉంది. పొడుగువాళ్లే ముందు.”